వార్డెన్ కథతో వచ్చిన టీవీ వెస్టర్న్ మీద అభిప్రాయం రాయడం ఎలా

నేను రాసిన మొట్టమొదటి అభిప్రాయం ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో ఉంది. అక్షరం మార్చకుండా ఇది: "బాగా స్లో. గుర్రాలు లేవు. కాల్పులు ఒక్కసారే, అదీ చివర్లో. వార్డెన్ సినిమా అంతా అటూ ఇటూ తిరగడం తప్ప ఏమీ చేయడు. పదికి నాలుగు."

ఆ సినిమా చూసింది మా పక్కింట్లో. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టక్సన్‌లో మేం ఉండే వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. జైల్లో ఇరవై రెండేళ్ళు కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. శనివారం మధ్యాహ్నం పాత వెస్టర్న్‌లు (పాత అమెరికా పశ్చిమ ప్రాంతపు గుర్రాల, తుపాకుల సినిమాలు) పెట్టుకుని కూర్చుంటారు. నేను పళ్ళ డాక్టరు దగ్గర బిల్లింగ్ పని చేస్తాను. వారమంతా ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లో వాదించి వాదించి, శనివారానికి ఎవరైనా ఎవరినైనా కాల్చేస్తే చూడాలని ఉంటుంది. అలా మొదలైంది ఈ అలవాటు. మా ఆయన మాత్రం "మళ్ళీ గుర్రాలేనా?" అని ఇంట్లోనే ఉండిపోతారు.

నేను రాసుకున్నది పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. వార్డెన్ ఖైదీల మధ్యకి వెళ్ళేటప్పుడు నడుముకి తుపాకి ఉందా? తాళాల గుత్తి ఎవరి దగ్గరుంది? ఖైదీలు ఎంతమంది, కాపలావాళ్ళు ఎంతమంది? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "మరి గంటన్నర సేపు నువ్వు చూసిందేమిటి?" అన్నారు.

మర్నాడు మళ్ళీ చూశాను. వార్డెన్ లోపలి గేటు దాటే ప్రతిసారీ బెల్టు విప్పి, తుపాకిని బయట గోడకున్న మేకుకి తగిలిస్తున్నాడు. మొత్తం ఐదుసార్లు. ఆరోసారి విప్పకుండానే లోపలికి వెళ్తాడు. నేను "చివర్లో ఒక్కసారే" అని తీసిపారేసిన కాల్పులు అవే. అంటే సినిమా అంతా ఆ మేకు కోసమే ఎదురుచూసింది, నేను గుర్రాల కోసం ఎదురుచూశాను.

అప్పటినుంచి ఇలాంటి సినిమాల మీద రాసే ముందు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. అవే ఇక్కడ చెబుతున్నాను. వీటిలో సగం పెద్దాయన దగ్గర నేర్చుకున్నవి, సగం నా తప్పులే నేర్పినవి.

ముందు కొలబద్ద సరిచూసుకోండి

వార్డెన్ అంటే మన మనసులోకి ముందు హాస్టల్ వస్తుంది, లేటుగా వస్తే తిట్టే మనిషి. అమెరికాలో వార్డెన్ అంటే జైలుకి పెద్ద. అరిజోనాలోని పాత యూమా జైల్లో అయితే ఆ పెద్దని వార్డెన్ అనేవాళ్ళు కాదు, సూపరింటెండెంట్ అనేవాళ్ళు. సినిమాలో ఏ మాట వాడినా, అతను తిట్టేవాడా, తాళం వేసేవాడా, క్షమాభిక్షకి సిఫారసు రాసేవాడా అన్నది చూడండి. పాత్ర అక్కడ తెలుస్తుంది.

మామూలు వెస్టర్న్‌లో హీరో ఎటు కావాలంటే అటు పోగలిగిన మనిషి. ఊరు నచ్చకపోతే గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. వార్డెన్ వెళ్ళలేడు. అతని ఇల్లు కూడా చాలాసార్లు జైలు ఆవరణలోనో దాని పక్కనో ఉంటుంది. భార్య ఉంటే ఆవిడా అక్కడే. శిక్ష పడనివాడు కూడా గోడ దగ్గరే ఉండాల్సి వస్తే ఏమవుతాడు అన్నదే ఈ కథల్లోని అసలు పట్టు. విశాలమైన మైదానం కోసం వచ్చినవాళ్ళకి గోడ కనిపిస్తుంది, నిరాశ పడతారు. ఈ రకం సినిమాల మీద "వెస్టర్న్‌లా లేదు" అని మీకు ఎక్కడ కనిపించినా, చాలావరకు వాళ్ళు అంటున్నది ఇదే.

రెండో కొలబద్ద టీవీ. థియేటర్ సినిమాతో పోల్చి "చిన్నగా ఉంది" అనడం న్యాయం కాదు. 1969 నుంచి 1975 దాకా అమెరికాలో ఏబీసీ ఛానెల్ వారం వారం టీవీ సినిమాలు వేసేది. స్లాటు గంటన్నర, యాడ్లు పోగా సినిమా సుమారు 74 నిమిషాలు. షూటింగ్ చాలా వాటికి రెండు వారాల లోపే. గుర్రాలకి, గుంపులకి, లొకేషన్‌కి డబ్బు తక్కువ. అందుకే జైలు కథ టీవీ వాళ్ళకి చవకగా కుదురుతుంది: నాలుగు గోడలు, ఒక ఆవరణ, ఒక ఆఫీసు గది. మీరు అడగాల్సింది ఆ నాలుగు గోడల్ని బాగా వాడారా లేదా అని.

యాడ్లున్న ఛానెల్ కోసం తీసినవాటిలో ఇంకో సంగతి ఉంటుంది. ప్రతి పది, పన్నెండు నిమిషాలకి ఒక చిన్న షాక్ వచ్చి తెర నల్లబడుతుంది. యాడ్లు తీసేసిన డీవీడీలో చూస్తే ఊరికే ఉలిక్కిపడి ఆగిపోతున్నట్టుంటుంది. "ఎడిటింగ్ కుదురుగా లేదు" అని రాసేముందు ఆ నల్ల తెరలు లెక్కపెట్టండి. సమాన దూరాల్లో ఉన్నాయంటే అవి యాడ్ల కోసం కోసిన చోట్లు.

చూస్తున్నప్పుడు రాసుకోవాల్సినవి

నేను సినిమా చూస్తూ కథ రాసుకోను. కథ గుర్తుంటుంది. వస్తువులు గుర్తుండవు, అందుకని వస్తువులు రాసుకుంటాను.

మొదటిది తాళాలు. పెద్దాయన మాటల్లో జైలంటే గోడ కాదు, తాళాల లెక్క. సాయంత్రం ఒక తాళం చెవి తక్కువొస్తే ఎవరూ ఇంటికి వెళ్ళరట. సినిమాలో తాళాల గుత్తి వార్డెన్ నడుముకే ఉంటే, అతను ఎవరినీ నమ్మడని అర్థం. కిందివాడి దగ్గర ఉంటే ఆ కిందివాడి మీద కన్నేసి ఉంచండి, కథ అతని దగ్గరికి వస్తుంది. గోడ మీద వరసగా కొక్కేలకి వేలాడుతుంటే డైరెక్టరు ఎవరినైనా అడిగి తెలుసుకున్నాడనుకోవచ్చు. ఒక్క చెవితో అన్ని గదులూ తెరుచుకుంటుంటే ఎవరినీ అడగలేదు.

రెండోది తుపాకి. ఖైదీల మధ్య తిరిగే కాపలావాడు తుపాకి పెట్టుకోడు. ధైర్యం చూపించడానికి కాదు, ఎవరైనా లాక్కుంటారని. తుపాకులు గోపురాల మీద, గోడ మీద ఉంటాయి. హీరో కాబట్టి రివాల్వర్ పెట్టుకుని ఆవరణంతా తిరిగే వార్డెన్ని చూస్తే మా పెద్దాయన ఛానెల్ మార్చేస్తారు. నేను మార్చను, కానీ రాసుకుంటాను.

మూడోది లెక్క. పొద్దున, రాత్రి ఖైదీల్ని లెక్కపెట్టే సీన్ ఉందా? ఉంటే అది ఊరికే పెట్టరు. రెండోసారి లెక్కపెట్టినప్పుడు అంకె మారుతుంది, లేదా మారనివ్వకుండా ఎవరో ఏదో చేసుంటారు.

నాలుగోది కాగితాలు. నాకు బాగా ఇష్టమైనది ఇదే, బహుశా నా ఉద్యోగం అలాంటిది కాబట్టి. వార్డెన్ బల్ల మీద ఉత్తరాలు ఎవరికి వెళ్తున్నాయి, ఎవరి నుంచి వస్తున్నాయి? పాత పశ్చిమంలో శిక్ష మధ్యలో బయటికి రావాలంటే గవర్నర్ దయ తలచాలి. క్షమాభిక్ష గవర్నర్‌దే, కానీ ఖైదీ నడత గురించి చెప్పాల్సింది జైలు పెద్ద. బుచ్ కాసిడీ పేరు వినే ఉంటారు. బ్యాంకులు, రైళ్ళు దోచిన ఆ మనిషి 1894 నుంచి 1896 దాకా వయోమింగ్‌లోని లారమీ జైల్లో ఉన్నాడు, గవర్నర్ క్షమాభిక్షతో గడువుకి ముందే బయటికొచ్చాడు. జాన్ వెస్లీ హార్డిన్ అనే హంతకుడు టెక్సాస్‌లో హంట్స్‌విల్ జైల్లో 1878 నుంచి 1894 దాకా ఉండి, లోపలే లా పుస్తకాలు చదివి, బయటికొచ్చాక క్షమాభిక్ష పొంది లాయరయ్యాడు. ఇవన్నీ తెలిసి చూస్తే, వార్డెన్ కలం పట్టుకునే సీన్ రివాల్వర్ పట్టుకునే సీన్ కన్నా బరువుగా ఉంటుంది. ఆ సీన్లో సంగీతం పెట్టి పాడుచేశారా, లేక నిబ్బు గీకే చప్పుడు వినిపించేంత నిశ్శబ్దంగా వదిలేశారా? ఇలాంటి ఒక్క వాక్యం మీ అభిప్రాయంలో ఉంటే చాలు, చదివేవాళ్ళకి మీరు సినిమా చూశారని నమ్మకం కుదురుతుంది.

అన్నం పళ్ళాలు, నీళ్ళ బకెట్లు, ఎండ కూడా రాసుకోవచ్చు. అరిజోనా జైలు కథలో ఎవరికీ చెమట పట్టకపోతే నాకు చిరాకు. యూమాలో ఎండాకాలం 43 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే.

"చరిత్ర ప్రకారం తప్పు" అనే ముందు యూమా దాకా ఒకసారి

ఈ రకం సినిమాల మీద అందరూ తేలిగ్గా వేసే రాయి ఇదే. నేనూ వేశాను. ఒక సినిమాలో ఖైదీ లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే "1890లలో ఎడారి జైల్లో లైబ్రరీయా? అంతా కల్పన" అని రాశాను. పెద్దాయన ఏమీ అనలేదు. "సెలవు ఎప్పుడు?" అని అడిగారు.

టక్సన్ నుంచి యూమా సుమారు 240 మైళ్ళు. ఆ జైలు ఇప్పుడు స్టేట్ పార్కు, టికెట్ కొని లోపలికి వెళ్ళొచ్చు. కొలరాడో నది పక్కన గుట్ట మీద ఉంటుంది. 1876 జూలై 1న మొదటి ఏడుగురు ఖైదీల్ని లోపల పెట్టారు. ఆ గదులు కట్టింది వాళ్ళే. 33 ఏళ్ళు నడిచి 1909 సెప్టెంబర్ 15న మూతపడింది. ఆ కాలంలో 3,069 మంది ఖైదీలు, అందులో 29 మంది ఆడవాళ్ళు. ఒక్కో గదిలో ఆరుగురు. నేను ఒక గదిలోకి వెళ్ళి, మూడేసి వరసల ఇనుప మంచాల మధ్య నిలబడి, ఇంకో ఐదుగురిని ఊహించుకుని వెంటనే బయటికొచ్చేశాను.

లైబ్రరీ నిజంగానే ఉండేది. చూడ్డానికి వచ్చే జనం దగ్గర తలకి 25 సెంట్లు తీసుకుని, ఆ డబ్బుతో పుస్తకాలు కొనేవాళ్ళు. జైలు మూతపడేలోపే కరెంటు దీపాలు కూడా వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు కొందరు ఎగతాళిగా దాన్ని కొలరాడో నది ఒడ్డున కంట్రీ క్లబ్ అనేవాళ్ళట. అదే జైల్లో రాతిని తొలిచి చేసిన చీకటి కొట్టు కూడా ఉంది, మాట వినని ఖైదీని అందులో పడేసేవాళ్ళు. ఆ 33 ఏళ్ళలో 111 మంది లోపలే చనిపోయారు, ఎక్కువమంది క్షయతో. ఉరి మాత్రం ఒక్కటీ లేదు, ఉరిశిక్షలు కౌంటీల పని. కాబట్టి యూమా లాంటి టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) జైలు ఆవరణలో ఉరికంబం కనిపిస్తే అప్పుడు అనుమానపడండి. లైబ్రరీ కనిపిస్తే వద్దు. నేను సరిగ్గా దీన్ని తలకిందులుగా చేశాను: లైబ్రరీ మీద అరిచి, ఉరికంబాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

"ఖైదీ వార్డెన్ని కాపాడడమేంటి, సినిమాటిక్‌గా లేదూ?" అని కూడా చాలామంది అంటారు. యూమాలో 1887 అక్టోబర్ 27న ఏం జరిగిందో వినండి. అప్పటి సూపరింటెండెంట్ థామస్ గేట్స్ (జైలు పెద్దకి గేట్లు అనే పేరు, నేను పెట్టింది కాదు). కొందరు ఖైదీలు ఆయన్ని పట్టుకుని, ఆయన్నే అడ్డు పెట్టుకుని బయటపడాలని చూశారు. గోపురం మీద కాపలావాడు కాల్పులు మొదలుపెట్టాడు. గేట్స్‌ని కత్తితో పొడిచారు. ఆ గొడవలో బార్నీ రిగ్స్ అనే యావజ్జీవ ఖైదీ గేట్స్ పక్షాన నిలబడి, తిరగబడినవాళ్ళలో ఒకణ్ణి కాల్చాడు. గేట్స్ బతికాడు, రిగ్స్‌కి క్షమాభిక్ష దొరికింది. ఇదే సీన్ టీవీలో చూస్తే నేనూ "నమ్మేలా లేదు" అని రెండు మార్కులు కోసేదాన్ని.

వార్డెన్ ఉద్యోగం వెనక రాజకీయం ఉంటే కూడా కల్పన అనకండి. నెవాడా రాష్ట్రంలో ఒకప్పుడు లెఫ్టినెంట్ గవర్నరే (అక్కడ గవర్నర్ తర్వాతి పదవి) పదవి రీత్యా జైలు వార్డెన్. 1871 సెప్టెంబర్ 17న కార్సన్ సిటీ జైలు నుంచి 29 మంది ఒకేసారి తప్పించుకున్నప్పుడు వార్డెన్‌గా ఉన్నది లెఫ్టినెంట్ గవర్నర్ ఫ్రాంక్ డెన్వర్. పారిపోయినవాళ్ళలో కొందరితో కాల్పులు జరిగిన చోటు పక్కనే ఉన్న సరస్సుని కాలిఫోర్నియాలో ఇప్పటికీ కన్విక్ట్ లేక్ అంటారు. ఇక "దొంగల్ని పట్టే మనిషే జైలు పెద్ద అవుతాడా?" అన్నదానికి జవాబు థామస్ రైనింగ్. అరిజోనా రేంజర్లు అనే పోలీసు దళానికి కెప్టెన్‌గా చేసి, 1907లో యూమా జైలుకి సూపరింటెండెంట్ అయ్యాడు. అరిజోనాలోనే ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో కొత్త జైలు కట్టించింది ఆయనే, ఖైదీల చేతే.

ఆడ ఖైదీ పాత్ర ఉంటే పెర్ల్ హార్ట్‌ని గుర్తు చేసుకోండి. 1899లో అరిజోనాలో స్టేజి బండి (ప్రయాణికుల గుర్రబ్బండి) దోచి యూమాకి వెళ్ళింది, 1902 చివర్లో క్షమాభిక్షతో బయటికొచ్చింది.

తారీఖులు సరిచూడ్డానికి నేను మూడే గుర్తుపెట్టుకుంటాను. వెస్టర్న్‌లలో అందరి నడుముకీ కనిపించే కోల్ట్ రివాల్వర్ 1873 మోడల్. ముళ్ళకంచెకి పేరు తెచ్చిన పేటెంటు 1874ది. అరిజోనా 1912 ఫిబ్రవరి 14 దాకా రాష్ట్రం కాదు, టెరిటరీ. అంటే 1860లని తెర మీద వేసి ఆ రివాల్వర్ చూపిస్తే తప్పే, 1890ల కథలో "స్టేట్ ప్రిజన్ ఆఫ్ అరిజోనా" అని బోర్డు పెట్టినా తప్పే. కానీ వీటికోసం మార్కులు కోయకండి. ఒక మాట చెప్పి వదిలేయండి. తుపాకి మోడల్ తప్పైన సినిమా మంచిదై ఉండొచ్చు, తుపాకి ఎందుకు తీశాడో తెలియని సినిమా మంచిది కాలేదు.

తెలిసిన మొహాలు

2001లో వచ్చిన ఒక టీవీ వెస్టర్న్‌లో జేమ్స్ కాన్ వార్డెన్. ఒకప్పటి దొంగ, ఇప్పుడు జైలు పెద్ద. అతని పాత జోడీ ఖైదీగా అదే జైలుకి వస్తాడు, ఆ పాత్ర డేవిడ్ కారడైన్‌ది. ఇలాంటి సినిమా చూసేటప్పుడు మనం పాత్రల్నే చూడం. జేమ్స్ కాన్ అంటే 1972 నాటి 'ది గాడ్‌ఫాదర్' సినిమాలో, మాఫియా కుటుంబంలో ముక్కు మీద కోపమున్న పెద్దకొడుకు గుర్తొస్తాడు. కారడైన్ అంటే 1970ల టీవీ సిరీస్‌లో వట్టి కాళ్ళతో తిరిగే సన్యాసి. టీవీ సినిమా ఈ జ్ఞాపకాన్ని ఉచితంగా వాడుకుంటుంది. పాత స్నేహం చూపించడానికి వాళ్ళకి నిమిషాలు లేవు, ఆ ఇద్దరి మొహాల మీదున్న ఏళ్ళే ఆ పని చేయాలి.

అందుకే "ఫలానా హీరో ఉన్నాడు, చూడొచ్చు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఆ నటుడు మనకి తెలిసిన పనే మళ్ళీ చేశాడా, దాన్ని అణచిపెట్టి ఇంకోటి చేశాడా అన్నది రాయండి. అరిచే నటుడు ఈసారి అరవకపోతే అది నిద్రమత్తు కావచ్చు, నటనా కావచ్చు. తేడా కళ్ళలో తెలుస్తుంది.

పక్కవాళ్ళ స్టార్లు

టీవీ సినిమాలకి రేటింగ్ ఇచ్చేవాళ్ళు తక్కువ. ఇరవై మంది కలిసి సగటున 7 ఇచ్చారనుకోండి. ఇంకో ఇద్దరు వచ్చి ఒకటేసి వేస్తే సగటు 6.5 కన్నా కిందికి పోతుంది. ఆ ఇద్దరూ వేరే సినిమా అనుకుని పెట్టారేమో కూడా మనకి తెలియదు. అందుకని ఇలాంటి సినిమాకి సగటు చూడను, రాతలు చదువుతాను. అందులోనూ మూడు, నాలుగు స్టార్లు ఇచ్చినవాళ్ళవి ముందు. పదికి పది ఇచ్చినవాళ్ళు నటుడి అభిమానులై ఉంటారు, ఒకటి ఇచ్చినవాళ్ళు పదిహేను నిమిషాలకే ఆపేసి ఉంటారు. మధ్యవాళ్ళే చివరిదాకా కూర్చుని విసుక్కున్నవాళ్ళు. ఎక్కడ విసుగొచ్చిందో వాళ్ళకే తెలుసు.

వాళ్ళ మాటల్ని మీ భాషలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. "డైలాగులు ఎక్కువ" అంటే ఆఫీసు గది సీన్లు ఎక్కువ. మీకు అవి ఇష్టమైతే ఆ ఫిర్యాదే మీకు సిఫారసు. "మంచివాడో చెడ్డవాడో తేల్చలేదు" అన్నది కూడా అలాగే, వార్డెన్ కథలో తేల్చకపోవడమే మంచిది అని నా పట్టుదల. "చివర హడావిడిగా ముగించారు" అని నలుగురైదుగురు విడివిడిగా అంటే మాత్రం నమ్ముతాను. స్లాటు అయిపోతున్నప్పుడు టీవీ సినిమాలకి నిజంగానే ఆ జబ్బు ఉంది.

రాసేటప్పుడు

వెంటనే రాయకండి, మర్నాడు రాయండి. రాత్రి రాస్తే క్లైమాక్స్ గురించే రాస్తారు.

మొదటి వాక్యంలో మీరు ఏం ఆశించి కూర్చున్నారో చెప్పేయండి. అది నిజాయితీ, పైగా చదివేవాళ్ళకి మిమ్మల్ని కొలుచుకునే వీలు. తర్వాత ఒకే ఒక్క సీన్ తీసుకుని వివరంగా చెప్పండి, కానీ సినిమా మొదటి సగంలోది తీసుకోండి. వార్డెన్ కథల్లో గుట్టంతా రెండో సగంలో ఉంటుంది: అతని గతం ఏమిటి, లోపలి మనిషి ఎవరు, చివరికి గేటు ఎవరు తెరిచారు. ఈ మూడింటిలో ఏదీ చెప్పకూడదు. "మలుపు అదిరింది" అనడం కూడా సగం చెప్పేసినట్టే, చదివినవాళ్ళు సినిమా అంతా మలుపు కోసం తవ్వుతూ కూర్చుంటారు.

నేను తిరగరాసిన అభిప్రాయం ఇది. మేకు సినిమా గురించే:

"కాల్పుల కోసం కూర్చున్నాను, గంట దాకా ఒక్కటీ లేదు. ఆ గంట వృథా కాలేదు. కొత్త వార్డెన్ మొదటిరోజు గేటు దగ్గర బెల్టు విప్పి మేకుకి తగిలిస్తాడు. పాత కాపలావాడు ఆ బెల్టుని, తర్వాత అతని మొహాన్ని చూస్తాడు, ఏమీ అనడు. ఆ చూపుతో మొదలైన పోరు చివరిదాకా నడుస్తుంది. ఖైదీల పాత్రలు పలచన, ఇద్దరు తప్ప ఎవరూ గుర్తుండరు. భార్య పాత్రకి కిటికీ దగ్గర నిలబడ్డం తప్ప పని ఇవ్వలేదు, ఆ నటికి అన్యాయం. ఆవరణలో ఉరికంబం పెట్టారు, అక్కర్లేదు. ఆఖరి పది నిమిషాలు పరుగు. గుర్రాలు కావాలనుకునేవాళ్ళు వద్దు. ఆఫీసులో ఎవరికైనా పై అధికారిగా పనిచేసి, రాత్రి నిద్రపట్టనివాళ్ళు చూడండి. పదికి ఏడు."

నాలుగుకీ ఏడుకీ మధ్య సినిమా మారలేదు కదా అని మా ఆయన వాదన. నిజమే. అందుకే పాత నాలుగుని కొట్టేయలేదు, పక్కనే తారీఖు వేసి కొత్తది రాశాను. మీరూ పాతది చెరిపేయకండి. మొదటిసారి చూసేవాళ్ళకి ఆ నాలుగు కూడా పనికొస్తుంది.

ఎన్ని నిమిషాల ప్రింటు చూశారో మాత్రం తప్పకుండా రాయండి. టీవీ సినిమాలు ఒక్కోచోట ఒక్కో నిడివిలో తిరుగుతుంటాయి. నాకు నచ్చిన కాగితాల సీనే ఒక ప్రింటులో లేదు, ఆ ప్రింటు చూసినావిడ నేను అబద్ధం చెబుతున్నానంది.

కొత్తది కూడా పెద్దాయనకి వినిపించాను. మొత్తం విన్నారు. మేకు గేటుకి ఏ వైపు ఉందని అడిగారు. బయటి వైపు అన్నాను. అది రాయమన్నారు, లోపలి వైపైతే ఆ వార్డెన్ మూర్ఖుడట. "బయట గోడకున్న మేకుకి" అని దిద్దాను.